టార్డెబిగ్ లాకులు, నాన్న నీటి లెక్క

ఇంగ్లండులో వూస్టర్ పట్టణం దగ్గర సెవర్న్ నది ఒడ్డున మొదలై బర్మింగ్‌హామ్ నడిబొడ్డు దాకా పోయే వూస్టర్ అండ్ బర్మింగ్‌హామ్ కాలువ పొడవు 30 మైళ్లు. 1791లో పార్లమెంటు అనుమతి పొంది 1815 నాటికి గాని పూర్తికాని ఈ కాలువ మీద మొత్తం 58 లాకులు, అంటే నీటిని నింపి, ఖాళీ చేసి పడవను ఎక్కించి దించే తలుపుల తొట్లు, ఉన్నాయి. అందులో 30 లాకులు టార్డెబిగ్ అనే చిన్న ఊరి కింద, రెండుంబావు మైళ్ల వాలులో, ఒకదాని వెంట ఒకటిగా ఉండి పడవను 220 అడుగుల ఎత్తుకు ఎక్కిస్తాయి. బ్రిటన్ మొత్తంలో ఒకే వరుసలో ఇన్ని లాకులు ఇంకెక్కడా లేవు. రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో ఒక ఆగస్టు నెలలో మేము అమ్మనూ నాన్ననూ వెంటబెట్టుకుని ఆ వరుసను పడవ మీద ఎక్కాము.

అప్పటికి మా కాపురం బర్మింగ్‌హామ్‌లో. ఆ వేసవికి అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చారు. అందరూ చూసే కోటలూ చర్చీలూ లండనూ చూపించాము. నాన్న అన్నిటినీ మర్యాదగా చూసి, సాయంత్రానికల్లా "ఇంక ఇంటికెళదామా అమ్మాయ్" అనేవారు. ఆయన నీటిపారుదల శాఖలో, గోదావరి మధ్య డెల్టా కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. మా చిన్నతనం చాలావరకు లొల్ల లాకులకు దగ్గరలోనే గడిచింది. బొబ్బర్లంక దగ్గర గోదావరి నుంచి బయలుదేరిన ప్రధాన కాలువ లొల్ల చేరి పాయలుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర నీటి శబ్దం వింటూ పెరిగిన వాళ్లం మేము. నా ఊహ తెలిసేనాటికే బస్సులు వచ్చేశాయి గాని, వడ్ల బస్తాలు, కొబ్బరికాయలు, ఇసుక ఇంకా పడవల మీదే వెళ్లేవి. లాకులోకి పడవ రావడం, లస్కర్లు తలుపులు మూయడం, నీరు నిండుతూ ఉంటే సరంగు చుట్ట కాలుస్తూ కూర్చోవడం మాకు రోజూ కనిపించే దృశ్యాలే. కాబట్టి నాన్నకు నిజంగా నచ్చేదేమిటని ఆలోచిస్తే నాకు కాలువ తప్ప మరొకటి తోచలేదు.

స్టోక్ ప్రయర్ దగ్గర ఒక నేరోబోటు అద్దెకు తీసుకున్నాము. ఒకప్పుడు ఉప్పు తయారీకి పేరు మోసిన ఊరది. ఆ ఉప్పు కూడా ఈ కాలువ మీదే ఎగుమతి అయ్యేది. నేరోబోటు వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు మాత్రమే. పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు తన కాలువలకు సుమారు 7 అడుగుల వెడల్పూ 72 అడుగుల పొడవూ ఉన్న లాకులను ఖాయం చేయడంతో, మధ్య ఇంగ్లండు పడవలన్నీ ఆ కొలతకు లోబడిపోయాయి. లోపల రైలు పెట్టెలో నడిచినట్టు ఒక చివర నుంచి మరో చివరకు ఒకరి వెనక ఒకరు నడవాలి. మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న స్నానాల గది, బొగ్గు కుంపటి అన్నీ ఆ సన్నని జాగాలోనే సర్దేశారు. అమ్మ ఎక్కిన గంటలోనే వంటింటిని తన అధీనంలోకి తీసుకుని, పులిహోర పోపుతో ఆ కాలువ గట్టంతా ఘుమఘుమలాడించింది. నాన్న మాత్రం లోపలికి తొంగి కూడా చూడలేదు. పడవ వెనక భాగాన, చుక్కాని కర్ర పట్టుకున్న మావారి పక్కన నిలబడి, గట్టు రాళ్లు ఎలా పేర్చారో, ఎక్కడ కుంగిపోయాయో చూస్తూ వచ్చారు.

ముందు స్టోక్ లాకులు ఆరు దాటాము. అవి అభ్యాసానికి సరిపోయాయి. మర్నాడు పొద్దున్నే టార్డెబిగ్ వరుస మొదలుపెట్టాము. కింది లాకు సంఖ్య 29, పైన చిట్టచివరిది 58. మా లొల్ల దగ్గర లాకు నడపడానికి ప్రభుత్వ ఉద్యోగులు ఉండేవారు. పడవవాడు చేయవలసింది ఆగి ఎదురుచూడడమే. ఇక్కడ ఎవరి లాకు వాళ్లే నడుపుకోవాలి. మా చేతికి రెండు ఇనుప హ్యాండిళ్లు ఇచ్చారు. వాటిని విండ్లస్ అంటారు. లాకు తలుపుల అడుగునా పక్క గోడల్లోనూ నీరు పారే తూములు ఉంటాయి. ఆ తూములకున్న పలకలను ఈ హ్యాండిల్‌తో పళ్లచక్రం తిప్పి పైకి లేపాలి. మన షట్టర్ల లాంటివే గాని చాలా చిన్నవి, వాటిని పాడిల్ అంటారు. పైకి ఎక్కే పడవ ముందు ఖాళీగా ఉన్న లాకులోకి ప్రవేశించాలి. వెనక ఉన్న రెండు రెక్కల తలుపును మూసి, కింది పాడిల్ దించి, పై పాడిల్ ఎత్తితే ఎగువ నీరు లోపలికి దూకుతుంది. తడి గోడల నడుమ, నాచు వాసనలో, చీకటి గోతిలో ఉన్న పడవ మెల్లగా వెలుతురులోకి లేచి వస్తుంది. లోపలా బయటా నీరు సమానమైన క్షణం దాకా పై తలుపు ఎంత నెట్టినా కదలదు. సమానమయ్యాక, బారెడు పొడవు దూలానికి వీపు ఆనించి, నేలలో పాతిన ఇటుక వరుసల మీద కాళ్లు తన్నిపట్టి నెడితే టన్ను బరువున్న ఆ తలుపు నిదానంగా తెరుచుకుంటుంది. చీరకు కింద కాన్వాసు బూట్లు తొడుక్కున్న మా అమ్మ నాలుగైదు లాకులు చూసి ఊరుకుని, తరువాత తానే వచ్చి ఒక దూలానికి వీపు ఆనించింది. గట్టు మీద కుక్కతో నడుస్తున్న ఒక పెద్దావిడ అది చూసి చప్పట్లు కొట్టింది.

పనిలో ఒక ఒడుపు దొరికేసరికి పది లాకులు దాటిపోయాయి. మా అబ్బాయి విండ్లస్ పట్టుకుని ముందుకు పరిగెత్తి తరువాతి లాకు నిండి ఉంటే ఖాళీ చేసేవాడు. నేను ఈ లాకు చూసుకుని, పడవ బయటికి వెళ్లాక తలుపు మూసి, పాడిల్ దించి వాణ్ని అందుకునేదాన్ని. ఎదురుగా పైనుంచి దిగివచ్చే పడవ కనబడితే అందరికీ పండగే. వాళ్లు దిగివచ్చిన లాకులన్నీ మాకోసం ఖాళీగా ఉంటాయి, మేము ఎక్కివచ్చినవన్నీ వాళ్లకోసం నిండుగా ఉంటాయి. కంచె పొదల్లో ఆగస్టు నెల బ్లాక్‌బెర్రీలు నల్లగా పండి ఉన్నాయి. ఇంజను ఒకటే కొట్టుకుంటోంది గాని, నడిచే మనిషి కంటే వేగంగా పోవడానికి లేదు. నాకు అంత నిదానమైన ప్రయాణం మళ్లీ దొరకలేదు.

ఒకచోట నాన్న నన్ను పిలిచారు. "ఇది కాలవ కాదమ్మాయ్, వరసాగ్గా కట్టిన చెరువులు" అన్నారు. అంతదాకా నేను ఆ దృష్టితో చూడలేదు. మన డెల్టాలో కాలువ పొలాల కోసం తవ్వినది. ఆనకట్ట దగ్గర గోదావరి నుంచి తీసుకున్న నీరు పల్లానికి ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. పడవ ఆ పారే నీటి మీద పోతుంది. లాకు పక్కనే రెగ్యులేటరు ఉంటుంది. పొలాలకు ఎలాగూ కిందికి వదలవలసిన నీరే కాబట్టి, లాకులోంచి పడవతోపాటు దిగిన నీటిని ఎవరూ ఖర్చుగా రాసుకోరు. ఈ ఇంగ్లీషు కాలువ అలాంటిది కాదు. ఇది నది నుంచి లేచి కొండెక్కి మరోవైపు బర్మింగ్‌హామ్ మిట్టకు చేరుతుంది. మిట్ట మీద నది లేదు. రెండు లాకుల నడుమ ఉన్న ప్రతి మడుగూ నిలవ నీరే. పడవ ఎక్కినా దిగినా పైనుంచి ఒక లాకు నిండా నీరు, అంటే సుమారు 25 వేల గ్యాలన్లు, దిగువకు పోవలసిందే. పోయిన నీటిని మళ్లీ పైన ఎవరో ఒకరు నింపాలి.

నాన్న ఈ సంగతి పట్టుకున్నాక ఇంక వదలలేదు. "పైన నీళ్లు ఎక్కణ్ణించొస్తాయి?" అనే ప్రశ్న ఆ రోజంతా మాతోనే ఎక్కింది. వరుస పై భాగంలో కాలువ పక్కనే ఉన్న టార్డెబిగ్ జలాశయం కనబడగానే పడవ ఆపించారు. గట్టు మీద కాసేపు నిలబడి నీటి మట్టం చూసి, ఆగస్టు కదా, ఇంతకంటే ఉండదు అని తనలో తానే అనుకున్నారు. ఈ కాలువ కంపెనీకి మొదటి నుంచీ నీటి తిప్పలే. చుట్టుపక్కల వాగుల మీద బతికే నీటిమరల యజమానులు తమ నీళ్లు కాలువ మింగేస్తుందని పట్టుబట్టడంతో, కంపెనీ జలాశయాలు కట్టి వాళ్లకు సర్దుబాటు చేయవలసి వచ్చింది. జలాశయంలోని నీటిని పై మడుగుకు తోడడానికి ఆవిరి యంత్రం పెట్టిన పెద్ద ఇటుక కట్టడం ఇప్పటికీ పై లాకుల దగ్గర ఉంది.

ఆ మధ్యాహ్నమే ఒక లాకులో మా పడవ ఆగిపోయింది. పై పాడిల్ ఎత్తబోతే అప్పటికే ఒకటి జానెడు ఎత్తి ఉంది. ముందు దాటినవారెవరో సరిగా దించలేదు. కింది తలుపుల సందుల్లోంచి నీరు ధారగా కారుతోంది. రాత్రంతా పై మడుగు అలా ఖాళీ అవుతూ వచ్చిందన్నమాట. లాకు సగం నిండి, అక్కడితో ఆగింది. పైన చూస్తే మడుగు నడుమ సన్నటి నీటి చాలు, రెండు పక్కలా బురద, ఆ బురదలో ఒక సైకిలు చక్రం. మావారు ఫోను తీశారు. అప్పట్లో కాలువలు బ్రిటిష్ వాటర్‌వేస్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేవి. 2012లో అవి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ కిందికి వెళ్లాయి. మనిషి వచ్చేలోగా నాన్న గట్టెక్కి ఎగువకు నాలుగు లాకుల దాకా నడిచి, ప్రతి మడుగులోనూ గోడ మీద తడి గుర్తు చూసుకుంటూ తిరిగివచ్చారు. "పక్క మడుగు ఒక్కటే పిండితే అదీ ఎండుతుంది. నాలుగింట్లోంచీ తలా కాస్తా దింపాలి. పైదాంతో మొదలెట్టాలి" అన్నారు.

ఆ భాగం చూసుకునే ఉద్యోగి పాత సైకిలు మీద వచ్చేసరికి నాన్న ఆ పని మొదలుపెట్టేశారు. మా అబ్బాయి పై లాకు దగ్గర, నేను దాని కింద, నాన్న అందరికీ కనబడేలా గట్టు మలుపులో. ఒక లాకుకు రెండు వైపులా పాడిళ్లు కాసేపు ఎత్తి నీటిని నేరుగా కిందికి పారించడం, ఎగువ మడుగు జానెడు దిగగానే నాన్న చెయ్యి పైకెత్తడం, మేము దించేయడం. వచ్చిన మనిషి ఏమీ అనకుండా కాసేపు చూసి, సైకిలు గోడకు ఆనించి, తన జేబులోని విండ్లస్ తీసి తానూ ఒక లాకు దగ్గర నిలబడ్డాడు. ఆ తరువాత ఇద్దరూ మాట్లాడుకున్న తీరు నేను ఎప్పటికీ మరచిపోలేను. నాన్న ఇంగ్లీషు అంతంతమాత్రమే. లండనులో కాఫీ అడగడానికి కూడా నావైపు చూసేవారు. కానీ ఆయన నలభై ఏళ్లు డిపార్ట్‌మెంటులో వాడిన ఇంగ్లీషంతా సిల్, వింగ్ వాల్, ఏప్రన్, లీకేజి, లెవెల్ వంటి కాలువ పని మాటల మీదే నడిచింది; అక్కడ కావలసినదీ అదే. ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు తలుపులు విప్పి బాగుచేసే పని గురించి నాన్న చెబితే, తమకు ఆ పని చలికాలంలో ఉంటుందని, మంచు నీళ్లలో దిగాలని ఆయన చెప్పాడు. తలుపులు ఓకు కర్రతో చేస్తారని విని నాన్న ఆశ్చర్యపోయారు. మా దగ్గర టేకు అన్నారు. గంటన్నర తరువాత మడుగు పడవ తేలేంత నిండింది.

ఈ కాలువ మీద ఒకప్పుడు పడవలను గుర్రాలకు బదులు జంట గాడిదలు కూడా లాగేవని ఆ మనిషే చెప్పాడు. నేను తెలుగులో చెబితే నాన్న నవ్వి, "మనకైతే మనుషులే" అన్నారు. గాలి లేనప్పుడు తాడు భుజానికి వేసుకుని ముందుకు వంగి గట్టు వెంబడి నడిచే ఇద్దరు ముగ్గురు మనుషులు నాకూ గుర్తున్నారు. ఎండలో వాళ్ల నీడలు కాలువలో పడవ కంటే ముందు పోతూ ఉండేవి. నవ్విన తరువాత నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాటన్ దొర ప్రసక్తి రాకుండా నాన్న ఏ నీళ్లనూ దాటలేరు. 1803లో ఆయన పుట్టేనాటికి ఇంగ్లండులో కాలువలు తవ్వే ఉత్సాహం ఇంకా ఆరలేదు. ఈ టార్డెబిగ్ లాకులు పూర్తయ్యేసరికి ఆయనకు పన్నెండేళ్లు. తరువాత రైళ్లు వచ్చి కాలువల పని పట్టాయి. అయినా 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్, భారతదేశానికి రైళ్ల కంటే పడవలు నడిచే కాలువలే మేలని చివరిదాకా వాదించాడు. తమ దేశంలో ఓడిపోతున్న పక్షాన్ని మన దేశంలో గెలిపించాలని చూశాడని నాకు అనిపిస్తుంది. రైలు విషయంలో ఆయన ఓడిపోయాడు, పొలాల విషయంలో గెలిచాడు. ఆయన పెట్టించిన పడవ లాకులను మాత్రం మనమే వదిలేశాము. లారీలు వచ్చాక పడవలు పోయాయి. పడవలు లేని లాకుకు తలుపులెందుకని ఎవరూ పట్టించుకోలేదు.

ఇంగ్లండులోనూ అదే జరగవలసింది. జరగకపోవడానికి మొదలు ఈ వరుస పైభాగంలోనే పడింది. 1941 నుంచి 1946 దాకా టామ్ రోల్ట్ అనే ఇంజనీరు, రచయిత తన భార్యతో క్రెస్సీ అనే నేరోబోటులో ఈ పై లాకు దగ్గరే కాపురం ఉన్నాడు. కాలువల మీద తన ప్రయాణం గురించి ఆయన రాసిన పుస్తకం చదివి 1945లో రాబర్ట్ ఐక్‌మన్ అనే మరో రచయిత వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఆయనను కలిశాడు. మరుసటి ఏడాది ఇన్‌లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టింది. పాడుబడుతున్న కాలువలను పూడ్చివేయకుండా ఆ సంఘం దశాబ్దాల పాటు పోరాడింది. ఇద్దరు స్నేహితులూ తరువాత పోట్లాడుకుని విడిపోయారు గాని, అప్పటికి కాలువలకు పట్టుదల గల మనుషులు చాలామంది దొరికారు. ఆ కలయిక గుర్తుగా పెట్టిన ఫలకం ముందు నిలబడి నాన్న మొత్తం చదివించుకున్నారు. లొల్ల దగ్గర పడవ కట్టుకుని కాపురం చేసే రచయిత ఒకడు మనకు ఉండి ఉంటే బాగుండేదని నేను అన్నాను. "దోమలకి ఎవడుంటాడే" అంది అమ్మ.

చివరిదైన 58వ లాకు మిగతావాటి వంటిది కాదు. తక్కినవన్నీ ఇంచుమించు ఏడేసి అడుగులు ఎత్తితే, ఇది ఒక్కటే 11 అడుగులు ఎత్తుతుంది. నేరోబోటు లాకుల్లో ఇంత లోతైనవి ఈ దేశంలో బహు కొద్ది. దీనికి కారణం ఉంది. నీటి కరువు తట్టుకోలేక కంపెనీ 1808లో ఇక్కడ లాకు బదులు ఒక ఎత్తుడు యంత్రం పెట్టి చూసింది. జాన్ వుడ్‌హౌస్ అనే ఆయన తయారుచేసిన ఆ యంత్రంలో నీటితో నిండిన పెద్ద తొట్టె ఉండేది. గొలుసులకు మరోవైపు ఇటుకల బరువు కట్టి, పడవతో సహా ఆ తొట్టెను 12 అడుగులు పైకీ కిందికీ ఆడించేవారు. నీరు దాదాపు ఖర్చే కాదు. పరీక్షల్లో బాగానే నడిచినా, పడవవాళ్ల మొరటు వాడకానికి అది నిలవదని ఇంజనీర్లు తేల్చడంతో దాన్ని తీసేసి, అదే చోట, దాదాపు అదే ఎత్తుకు ఒక్క లాకు కట్టేశారు.

సాయంత్రం పై గట్టున, పడవల రేవు దగ్గర, మధ్యాహ్నం సాయం చేసిన ఆ మనిషి మళ్లీ కనబడ్డాడు. పాడిళ్లన్నీ దించి ఉన్నాయో లేదో చూసుకుంటూ మా వెనకే నడిచివచ్చాడట. అమ్మ ఆయనకు పులిహోర పెట్టింది. నాన్న మాత్రం అప్పటికే ఒక కాగితం మీద లెక్క వేసుకుని సిద్ధంగా ఉన్నారు. ఆ లెక్క నన్ను అనువదించమన్నారు. ముప్పై లాకులు ఎక్కినా పైనుంచి పోయేది ఒక్క లాకు నీరే, ఎందుకంటే ఆ నీరే మెట్టు మెట్టుకూ దిగుతూ అన్ని లాకులనూ నింపుతుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ పై లాకు లోతు మిగతావాటికి ఒకటిన్నర రెట్లు ఉన్నప్పుడు, ప్రతి పడవకూ ఒకటిన్నర లాకుల నీరు దిగుతుంది. కింది లాకులు ఒక్కటే తీసుకోగలవు. మిగిలిన సగం కలుజుల మీదుగా పోవడమే. నీళ్లకు ఇంత కటకటలాడిన కంపెనీ, యంత్రం తీసేసినప్పుడు ఆ ఎత్తును రెండు చిన్న లాకులుగా ఎందుకు విడగొట్టలేదు? ఇదీ నాన్న ప్రశ్న.

ఆయన నమలడం ఆపి, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, లెక్క సరిగ్గానే ఉందన్నాడు. ఆ తరువాత కొండ కిందికి చెయ్యి చూపించి, కింద ఉన్న ఇరవై తొమ్మిది జతల తలుపులూ రాత్రింబగళ్లు కారుతూనే ఉంటాయని, ఆ మిగిలిన సగం వాటికి సరిపోతుందని చెప్పాడు. నేను తెలుగులో చెప్పేలోపే నాన్నకు అర్థమైంది. "లీకేజి! అదీ నిజమే. మా లాకులూ అంతే" అని ఆయన భుజం తట్టి, అమ్మను మరికాస్త పులిహోర వడ్డించమన్నారు.